మెగ్నీషియం క్లోరైడ్ పేరులో ‘డై’ ఎందుకు లేదు?

కామర్స్ నాన్న:

నమస్కారం. నేను పదో తరగతి వరకు తెలుగు మాధ్యమంలో చదివి, ఆ తర్వాత కామర్స్ వైపు వెళ్లిపోయినవాణ్ని. మా అమ్మాయి ఈ ఏడాది పదో తరగతి. రసాయన బంధం పాఠం దగ్గర మూడు రోజులుగా ఇద్దరం ఆగిపోయాం. నా రోజుల్లో ‘సంయోజకత’ అని బట్టీపట్టిన పట్టిక కొంత గుర్తుంది గాని, ఆ పట్టిక వెనక ఏముందో అప్పుడూ నాకు తెలియదు, ఇప్పుడు అమ్మాయి అడుగుతుంటే దొరికిపోతున్నాను.

మొదటి సందేహం పేర్ల గురించి. ఒక కార్బన్‌కు రెండు ఆక్సిజన్లు ఉంటే కార్బన్ డయాక్సైడ్ అంటున్నాం. ఒక మెగ్నీషియంకు రెండు క్లోరిన్లు ఉన్నప్పుడు మాత్రం మెగ్నీషియం క్లోరైడ్ అని ఊరుకుంటున్నాం. అమ్మాయి పరీక్షలో ‘మెగ్నీషియం డైక్లోరైడ్’ అని రాసింది, మార్కు పోయింది. ఎందుకు తప్పో కాగితం మీద ఎవరూ రాయలేదు.

రెండోది ఇనుము గురించి. ఒక గైడులో ఫెర్రస్ క్లోరైడ్ అని ఉంది, ఇంకో గైడులో అదే పదార్థానికి ఐరన్ అని రాసి, బ్రాకెట్లో రోమన్ అంకె రెండు వేసి, ఆ పక్కన క్లోరైడ్ అని ఉంది. సోడియంకు ఇలాంటి అంకె ఎక్కడా కనబడదు. ఇనుముకు మాత్రం ఎందుకు?

మూడోది అమ్మాయి వేసిన ప్రశ్న, నా దగ్గర అసలు సమాధానం లేనిది. సోడియం తన చివరి కక్ష్యలోని ఒక్క ఎలక్ట్రాన్‌ను ఇచ్చేయడానికి ఉబలాటపడుతుందని, క్లోరిన్ దాన్ని అందుకోవడానికి ఎదురుచూస్తుందని తరగతిలో చెప్పారట. అయితే ఆవర్తన పట్టిక పాఠంలో, సోడియం నుంచి ఎలక్ట్రాన్‌ను తీయాలంటే అయనీకరణ శక్తి మనమే ఇవ్వాలని ఉంది. ‘ఇష్టంగా ఇచ్చేదానికి ఎదురు ఖర్చెందుకు నాన్నా?’ అంటోంది. దయచేసి తెలిసినవారు వివరించగలరు.


పాత సుద్దముక్క:

అయ్యా, నేను జూనియర్ కళాశాలలో రసాయనశాస్త్రం చెప్పి పదవీ విరమణ చేసినవాణ్ని. మీ మొదటి సందేహాన్ని ఏటా కనీసం ఒక్క పిల్లవాడైనా అడిగేవాడు. ఎవరూ అడగని ఏడాది, పాఠం సరిగా చెప్పలేదేమోనని నాకే అనుమానం వచ్చేది.

కార్బన్, ఆక్సిజన్ రెండూ అలోహాలు. అవి ఎలక్ట్రాన్లను పంచుకుంటాయే గాని ఒకటి ఇచ్చి మరొకటి పుచ్చుకోవడం ఉండదు. అలా పంచుకునే జంట ఒకటి కంటే ఎక్కువ నిష్పత్తుల్లో కలవగలదు. బొగ్గు గాలి చాలక కాలితే ఒక కార్బన్‌కు ఒక ఆక్సిజన్, గాలి బాగా ఆడితే ఒక కార్బన్‌కు రెండు. ఉత్త ‘కార్బన్ ఆక్సైడ్’ అంటే అది మూసిన గదిలో ప్రాణం తీసే వాయువో, సోడాబుడ్డిలో బుసబుసలాడే వాయువో వినేవాడికి తెలియదు. కాబట్టి లెక్కను పేరులోనే చెప్పక తప్పదు. మోనో, డై, ట్రై అన్న ముందుమాటలు అందుకు వచ్చాయి.

మెగ్నీషియం క్లోరైడ్ సంగతి వేరు. మెగ్నీషియం పరమాణువు తన సమ్మేళనాల్లో రెండు ఎలక్ట్రాన్లు పోగొట్టుకుని +2 ఆవేశం గల ధనాయాను అవుతుంది. క్లోరిన్ ఒక ఎలక్ట్రాన్‌ను తీసుకుని –1 ఆవేశం గల రుణాయాను, అంటే క్లోరైడ్ అవుతుంది. పదార్థం మొత్తానికి ఆవేశం సున్నా కావాలి గనక ఒక మెగ్నీషియంకు రెండు క్లోరైడ్‌లు తప్ప మరో దారి లేదు. పేరు ఆవేశాలను చెబుతుంది, ఆవేశాలు నిష్పత్తిని చెబుతాయి. తెలిసిన లెక్కను మళ్లీ పేరులో ఎందుకు చెప్పాలన్నదే ఇక్కడి పొదుపు. అల్యూమినియం ఆక్సైడ్‌లో రెండు అల్యూమినియంలు, మూడు ఆక్సిజన్లు ఉన్నా పేరులో ఆ అంకెలు రాకపోవడానికి కారణం ఇదే: +3, –2 ఆవేశాలు ఆరు దగ్గర సరిపోతాయి.

పేరు పెట్టే పద్ధతి చిన్నదే. ముందు ధనాయాను పేరు, మార్పు లేకుండా. తర్వాత రుణాయాను, అది ఒకే మూలకం అయితే తోక మార్చి ‘ఐడ్’ చేర్చాలి. ఆక్సిజన్ ఆక్సైడ్, సల్ఫర్ సల్ఫైడ్, నైట్రోజన్ నైట్రైడ్ అవుతాయి. రుణాయానులో ఒకటి కంటే ఎక్కువ పరమాణువులు కలిసి ఉంటే దాని పేరును ఉన్నదున్నట్టు రాయాలి. తెలుగులో రాసే పిల్లలు తడబడేది ఇక్కడే. సల్ఫైడ్, సల్ఫైట్, సల్ఫేట్ అన్న మూడు మాటల్లో మొదటి రెంటికీ డకార టకారాల తేడా, చివరి రెంటికీ ఐత్వ ఏత్వాల తేడా. రాతలో ఒక్క గుర్తు జారితే పదార్థమే మారిపోతుంది. సల్ఫైడ్ అంటే ఒక్క సల్ఫరే, సల్ఫైట్ అంటే సల్ఫర్‌తో మూడు ఆక్సిజన్లు, సల్ఫేట్ అంటే నాలుగు. మూడింటికీ ఆవేశం –2 కావడం వల్ల సూత్రం రాసేటప్పుడు పొరపాటు బయటపడదు కూడా. ‘ఏట్’ అంటే ఎప్పుడూ నాలుగు ఆక్సిజన్లని అనుకోవద్దు. నైట్రేట్‌లో మూడే, నైట్రైట్‌లో రెండు. ఒకే మూలకం ఇచ్చే జంటలో ‘ఐట్’ కంటే ‘ఏట్’లో ఆక్సిజన్ ఎక్కువ అన్నంతవరకే ఆ తోక చెప్పగలదు. హైడ్రాక్సైడ్, సయనైడ్ లాంటి కొన్ని మాత్రం ఒకటి కంటే ఎక్కువ పరమాణువులున్నా ‘ఐడ్’ తోకతోనే ఉంటాయి, అవి గుర్తుపెట్టుకోవలసినవి.

మీ వంటింట్లోని అయోడిన్ ఉప్పు పొట్లాన్ని అమ్మాయికి చూపించండి. మన దేశంలో ఆ ఉప్పులో సాధారణంగా కలిపేది పొటాషియం అయోడేట్, అయోడైడ్ కాదు. అయోడైడ్ అంటే ఒక్క అయోడినే –1 ఆవేశంతో ఉంటుంది, అయోడేట్‌లో దానికి మూడు ఆక్సిజన్లు తోడవుతాయి. మన ఎండకు, తేమకు అయోడైడ్ నెమ్మదిగా అయోడిన్‌గా మారి ఎగిరిపోతుంది, అయోడేట్ నిలుస్తుంది. తోకలో తేడాకు ఇంతకంటే దగ్గరి ఉదాహరణ నాకు తట్టలేదు.

ఇక ఇనుము. దానికి +2, +3 అని రెండు ఆవేశాలు మామూలు. ‘ఐరన్ క్లోరైడ్’ అంటే నిష్పత్తి తేలదు, మొదట చెప్పిన పొదుపు ఇక్కడ చెల్లదు. పాత పద్ధతిలో తక్కువ ఆవేశానికి ‘అస్’, ఎక్కువ ఆవేశానికి ‘ఇక్’ చేర్చి ఫెర్రస్, ఫెర్రిక్ అన్నారు. ఈ తోకలు ఏది తక్కువో ఏది ఎక్కువో చెబుతాయి గాని ఎంతో చెప్పవు. ఫెర్రస్ అంటే +2, క్యుప్రస్ అంటే +1. ఫెర్రిక్ అంటే +3, క్యుప్రిక్ అంటే +2. ప్రతి లోహానికీ విడిగా బట్టీపట్టాలి. 1919లో జర్మన్ రసాయనవేత్త ఆల్‌ఫ్రెడ్ స్టాక్, ఆవేశాన్నే అంకె వేసి చూపితే సరిపోతుందని ప్రతిపాదించాడు. రోమన్ అంకె వేసి ఐరన్ టూ క్లోరైడ్, ఐరన్ త్రీ క్లోరైడ్ అని చదివే అలవాటు ఆయన పద్ధతి నుంచి వచ్చింది. పాదరసపు ఆవిరి తన ఆరోగ్యాన్ని ఎలా దెబ్బతీసిందో 1926లో ప్రకటించి తోటి శాస్త్రవేత్తలను హెచ్చరించినవాడూ ఆయనే. ఒక్క జాగ్రత్త చెప్పాలి: ఆ అంకె లోహం ఆవేశం, క్లోరిన్ల సంఖ్య కాదు. ఐరన్ త్రీ ఆక్సైడ్‌లో ఆక్సిజన్లు మూడు ఉన్నా, ఆ అంకె వాటిని లెక్కపెట్టడం లేదు. ఐరన్ టూ ఆక్సైడ్‌లో ఆక్సిజన్ ఒక్కటే. సోడియం, మెగ్నీషియం, అల్యూమినియం, జింక్ లాంటివి సమ్మేళనాల్లో ఒకే ఆవేశంతో కనిపిస్తాయి గనక వాటికి అంకె వేయం.

మూడో ప్రశ్న మీ అమ్మాయి చాలా సూటిగా అడిగింది. అది శక్తి లెక్క. ఇక్కడ పరిశోధన చేస్తున్న పిల్లలు ఉన్నారు, వాళ్లు నాకంటే బాగా చెబుతారు.


పొలంగట్టు:

మాస్టారి సమాధానానికి పొలం వైపు నుంచి రెండు మాటలు చేర్చాలనిపించింది. నేను వ్యవసాయ డిప్లొమా చదివి, సొంత బత్తాయి తోట చూసుకుంటున్నాను.

మేము అన్నభేది అని కొనే లేత ఆకుపచ్చ స్ఫటికాలే ఫెర్రస్ సల్ఫేట్, అంటే ఐరన్ టూ సల్ఫేట్. సంచి మూతి కట్టకుండా వదిలేస్తే కొన్నాళ్లకు పైపొర పసుపు గోధుమ రంగుకు తిరుగుతుంది. గాలిలోని ఆక్సిజన్ వల్ల +2 ఇనుము మరో ఎలక్ట్రాన్ పోగొట్టుకుని +3 ఇనుముగా మారడమే ఆ రంగు. వేరుశనగలో ఇనుము లోపం వచ్చి ఆకులు పాలిపోయినప్పుడు లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేదితో పాటు 1 గ్రాము నిమ్మ ఉప్పు కలిపి పిచికారీ చేయమని చెబుతారు. నిమ్మ ఉప్పు లేకపోతే +2 ఇనుము నీటిలోనే +3గా మారి, గోధుమ రంగు మడ్డిగా అడుగుకు చేరుతుంది, ఆకుకు అందదు. ఒక్క ఆవేశం తేడాకు మందు ఖర్చంతా వృథా. అన్నట్టు ఈ నిమ్మ ఉప్పు రసాయనశాస్త్రం లెక్కలో ఉప్పే కాదు, సిట్రిక్ ఆమ్లం. తెల్లగా, పలుకులుగా ఉండి నీటిలో కరిగే దేన్నయినా ఉప్పు అనడం మన భాషకు అలవాటు.

మైలుతుత్తం అంటే కాపర్ టూ సల్ఫేట్, పాత పేరు క్యుప్రిక్ సల్ఫేట్. మొక్కల తెగుళ్లకు చల్లే ఒక శాతం బోర్డో మిశ్రమానికి 1 కిలో మైలుతుత్తం, 1 కిలో సున్నం, 100 లీటర్ల నీరు కావాలి. ఇనుప పాత్రలో కలపవద్దని పెద్దలు చెప్పేవారు. తయారైన మిశ్రమంలో ఇనుప కత్తి ముంచితే ఎర్రటి పూత పట్టిందా, ఇంకా సున్నం చాలలేదని అర్థం. చదువుకున్నాక తెలిసింది, ఆ ఎర్రపూత రాగి లోహమని. కత్తిలోని ఇనుప పరమాణువు రెండు ఎలక్ట్రాన్లను రాగి అయానుకు ఇచ్చి తాను అయానుగా నీటిలోకి దిగిపోతుంది, ఆ రాగి అయాను రాగి లోహంగా మారి కత్తికి పట్టుకుంటుంది. మీ అమ్మాయికి ఎలక్ట్రాన్ల బదిలీని కంటితో చూపించాలంటే గ్లాసులో కొంచెం మైలుతుత్తం కలిపి ఇనుప మేకు వేసి గంటసేపు చూడండి. అది విషం, పని అయ్యాక చేతులు కడుక్కోవాలి, ఆ గ్లాసును మళ్లీ వంటింటికి తీసుకువెళ్లకూడదు.

నాకూ ఒక సందేహం ఉంది మాస్టారూ. అయానిక సమ్మేళనాల పేర్లలో లెక్క చెప్పరంటున్నారు గదా, మరి మైలుతుత్తం సీసా మీద ‘పెంటాహైడ్రేట్’ అని, అన్నభేది మీద ‘హెప్టాహైడ్రేట్’ అని ఉంటుందే?


ఇంటర్ రెండో ఏడాది:

సార్, నాదీ అలాంటి అభ్యంతరమే. మా ల్యాబ్‌లో మాంగనీస్ డయాక్సైడ్, పొటాషియం డైక్రోమేట్ సీసాలున్నాయి. రెండింటిలోనూ లోహం ఉంది, రెండింటిలోనూ ‘డై’ ఉంది. సోడియం బైకార్బొనేట్‌లో ‘బై’ కూడా రెండే కదా. నియమానికి ఇన్ని మినహాయింపులుంటే అది నియమమేనా?


పాత సుద్దముక్క:

బాబూ, నువ్వు చెప్పిన మూడింటిలో మూడు వేర్వేరు సంగతులున్నాయి, ఒకే గాటన కట్టకు. ముందు పొలంగట్టు గారి ప్రశ్న, అది చాలా మంచి ప్రశ్న.

మైలుతుత్తం స్ఫటికంలో ఒక్కో కాపర్ సల్ఫేట్‌కు ఐదు నీటి అణువులుంటాయి, అన్నభేదిలో ఏడు. నీటికి ఆవేశం లేదు. ఐదున్నా, ఒకటున్నా, అసలు లేకపోయినా ఆవేశాల లెక్క చెడదు. కాబట్టి ఆవేశాలను చూసి నీటి సంఖ్యను తేల్చుకోవడం కుదరదు, పేరులో చెప్పి తీరాలి. మైలుతుత్తాన్ని వేడిచేస్తే నీలం రంగు పోయి తెల్లటి పొడి మిగులుతుంది, నీటి చుక్క వేస్తే మళ్లీ నీలం. ఆ రెంటికీ తేడా ఆ పెంటా అన్న మాటలోనే ఉంది. ఆవేశం లెక్క తేల్చలేని చోటే లెక్కమాట వస్తుందని గమనించారా? కార్బన్ డయాక్సైడ్‌లో జరిగిందీ అదే.

ఇక పొటాషియం డైక్రోమేట్. అందులోని ‘డై’ ఎన్ని అయాన్లున్నాయో చెప్పడం లేదు. అది రుణాయాను పేరులోని భాగం. రెండు క్రోమియంలు, ఏడు ఆక్సిజన్లు కలిసి –2 ఆవేశంతో ఒకే అయానుగా ఉంటే దాన్ని డైక్రోమేట్ అంటాం. దానికి జతగా రెండు పొటాషియంలు ఉన్నాయి, వాటి సంఖ్య పేరులో ఎక్కడా లేదు చూడు. బైకార్బొనేట్‌లోని ‘బై’ మరీ పాతది. సోడియంతో పోల్చి చూస్తే చాకలి సోడాలో కంటే వంటసోడాలో కార్బొనేట్ రెట్టింపు ఉందని అప్పటివారు కట్టిన లెక్క అది. ఇప్పటి పేరు సోడియం హైడ్రోజన్ కార్బొనేట్. మాంగనీస్ డయాక్సైడ్ ఒక్కటే నీ వాదనకు నిజంగా బలం. మాంగనీస్‌కు చాలా ఆవేశాలున్నాయి గనక ఏదో ఒక విధంగా తేడా చూపాలి. రోమన్ అంకె అలవాటు కాకముందు ఆక్సిజన్లను లెక్కపెట్టి చెప్పేవారు, ఆ పేరు ల్యాబుల్లో అతుక్కుపోయింది. మాంగనీస్ ఫోర్ ఆక్సైడ్ అన్నా అదే.

ఇంకో మాట ఒప్పుకోవాలి. పేర్ల నియమాలు చేసే అంతర్జాతీయ సంఘం 2005 నాటి సిఫారసుల ప్రకారం చూస్తే, ముందుమాటలతో లెక్క చెప్పే పేరు నిషిద్ధం కాదు. ఆ లెక్కన ‘మెగ్నీషియం డైక్లోరైడ్’ అన్న పేరు విన్న రసాయనవేత్త ఎవరూ పదార్థాన్ని పొరపడడు. అయితే పదో తరగతి ప్రశ్న అడిగేది పేరు ఒక్కటే కాదు, ఆవేశాల నుంచి నిష్పత్తి తేల్చడం వచ్చిందా అని. డై అని రాస్తే ఆ సంగతి అర్థం కాలేదని దిద్దేవారు అనుకుంటారు. మార్కు తీసేసి కారణం రాయకపోవడం మాత్రం నాకు నచ్చలేదు.


స్ఫటికం:

మాస్టారు గారు నా వంతుగా వదిలిన మూడో ప్రశ్నకు వస్తాను. నేను ఘనస్థితి రసాయనశాస్త్రంలో పరిశోధన చేస్తున్నాను. ముందుగా మీ అమ్మాయికి అభినందనలు, ఎందుకంటే పుస్తకంలోని రెండు పాఠాలను పక్కపక్కన పెట్టి చదివితే తప్ప ఆ ప్రశ్న రాదు.

సోడియంకు ఉబలాటం ఏమీ లేదు. మీరు కామర్స్ వారు గనక జమాఖర్చుల పద్ధతిలో చెబుతాను, అన్నీ ఒక మోల్‌కు కిలోజౌళ్లలో. మన దగ్గర ఉన్నవి సోడియం లోహపు ముక్క, క్లోరిన్ వాయువు. లోహం నుంచి సోడియం పరమాణువులను విడదీసి ఆవిరి చేయడానికి 107 ఖర్చు. క్లోరిన్ అణువును విరిచి ఒక పరమాణువును తేవడానికి 122. సోడియం నుంచి ఎలక్ట్రాన్‌ను లాగడానికి 496. మొత్తం ఖర్చు 725. ఇప్పుడు జమ. క్లోరిన్ ఆ ఎలక్ట్రాన్‌ను అందుకున్నప్పుడు తిరిగి వచ్చేది 349 మాత్రమే. ఒక్క ఎలక్ట్రాన్ బదిలీనే చూసినా 496 పెట్టి 349 రాబట్టుకున్నాం, అంటే 147 నష్టం. కథ ఇక్కడితో ఆగితే ఉప్పు అనేదే ఉండదు.

లాభం వచ్చేది ఆ తర్వాత. ధనావేశం, రుణావేశం ఉన్న అయాన్లు ఒకదాన్నొకటి లాక్కుంటూ వరుసలు వరుసలుగా సర్దుకుని స్ఫటికం కట్టినప్పుడు 787 విడుదలవుతుంది. దాన్నే జాలక శక్తి అంటాం. జమ 349, 787 కలిపి 1136. ఖర్చు 725 పోగా మిగులు 411. ఉప్పు ఏర్పడినప్పుడు బయటికి వచ్చే వేడి కొలిచినా ఆ అంకే వస్తుంది. ఈ లెక్క కట్టే పద్ధతిని మాక్స్ బోర్న్, ఫ్రిట్జ్ హేబర్ 1919లో చూపించారు. కాబట్టి అమ్మాయికి చెప్పవలసిన సమాధానం ఇది: సోడియం ఇష్టంగా ఇవ్వలేదు, ఖర్చు పెట్టే తీశాం, ఆ ఖర్చును తీర్చింది స్ఫటికం.

ఈ ఖాతా పట్టుకుంటే మీ రెండో ప్రశ్న కూడా తేలుతుంది. సోడియం రెండు ఎలక్ట్రాన్లు ఇచ్చి రెండు క్లోరిన్లతో ఎందుకు కలవదు? రెండో ఎలక్ట్రాన్ లోపలి కక్ష్యలోది, దాన్ని తీయడానికి 4562 కావాలి. అలాంటి స్ఫటికం ఉందనుకున్నా దాని జాలక శక్తి మెగ్నీషియం క్లోరైడ్‌కు లాగే రెండున్నర వేల దరిదాపుల్లో ఉంటుంది. ఖాతా రెండు వేలకు పైగా నష్టంతో మూతపడుతుంది. మెగ్నీషియంకు మొదటి రెండు ఎలక్ట్రాన్ల ఖర్చు 738, 1451. అది రెండున్నర వేల జాలక శక్తితో, క్లోరిన్లు ఇచ్చేదానితో తీరిపోయి, ఇంకా 640 దాకా మిగులుతుంది. దాని మూడో ఎలక్ట్రాన్ 7733, ఏ స్ఫటికమూ భరించలేదు. అందుకే మెగ్నీషియంకు +2 ఒక్కటే. ఇనుముకు వరసగా 762, 1562, 2957. మూడో ఎలక్ట్రాన్ ఖరీదైనదే గాని అందరాని ధర కాదు. ఎదురుగా ఏ అయాను ఉంది, ఎలాంటి జాలకం కడుతుంది అన్నదాన్ని బట్టి రెండు దగ్గర ఆగవచ్చు, మూడుకు పోవచ్చు. స్టాక్ వేసిన రోమన్ అంకె అవసరం ఈ ధరల దగ్గర పుట్టింది.

చివరి కక్ష్యలో ఎనిమిది ఎలక్ట్రాన్లు ఉంటే పరమాణువు స్థిరపడుతుందనే అష్టక నియమం పనికిరాదని నేను అనడం లేదు. 1916లో కోసెల్, లూయిస్ ఎవరికి వారే ఆ దారిలో ఆలోచించారు. పట్టికలో రెండు అంచుల మూలకాలకు అది చక్కగా పనిచేస్తుంది. కాని ఇనుము +2 అయానుకు గాని, +3 అయానుకు గాని చివరి కక్ష్యలో ఎనిమిది ఉండవు, అయినా అవి హాయిగా ఉన్నాయి. ఎనిమిది అనేది ధర ఎక్కడ ఒక్కసారిగా పెరుగుతుందో చూపే గుర్తు.

ఇంకొక్క దిద్దుబాటు. పిల్లలు ‘సోడియం క్లోరైడ్ అణువు’ అని రాస్తుంటారు. ఉప్పు పలుకులో అణువులు లేవు. ప్రతి సోడియం చుట్టూ ఆరు క్లోరైడ్‌లు, ప్రతి క్లోరైడ్ చుట్టూ ఆరు సోడియంలు. 1913లో బ్రాగ్ తండ్రీకొడుకులు ఎక్స్‌కిరణాలతో ఈ అమరికను తేల్చారు. ఎవరికి ఎవరు జత అని అడిగితే జవాబు లేదు. హెన్రీ ఆర్మ్‌స్ట్రాంగ్ అనే పెద్ద రసాయనవేత్తకు ఇది ఎంతకూ మింగుడుపడక, చదరంగపు గళ్లలాంటి ఆ అమరికను ఎగతాళి చేస్తూ 1927లో కూడా నేచర్ పత్రికకు ఉత్తరం రాశాడు. అందువల్ల మనం రాసే సూత్రం స్ఫటికంలోని కనిష్ఠ నిష్పత్తి మాత్రమే. మెగ్నీషియం ఆక్సైడ్‌ను క్రిస్‌క్రాస్ చేస్తే, అంటే ఒకదాని ఆవేశపు అంకెను మరోదాని పక్కన సంఖ్యగా వేస్తే, రెండు, రెండు వస్తాయి. దాన్ని ఒకటి, ఒకటికి తగ్గించి రాయడానికి కారణం ఇదే. ఆవేశాలు +2, –2 కావడం వల్ల లాగుడు ఎంత పెరిగిందో చూడాలంటే ద్రవీభవన స్థానాలు చాలు: ఉప్పు 801 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరిగితే మెగ్నీషియం ఆక్సైడ్ 2850 డిగ్రీలు దాటితే గాని కరగదు. కొలిమి గోడల ఇటుకలకు దాన్ని వాడేది అందుకే.


కామర్స్ నాన్న:

అందరికీ కృతజ్ఞతలు. జమాఖర్చుల పేజీని అమ్మాయి తన నోట్సులో ఎక్కించుకుంది, మేకు మీద ఎర్రపూత కూడా చూశాం. అయితే స్ఫటికం గారు చెప్పిన ‘కనిష్ఠ నిష్పత్తి’తో కొత్త చిక్కు వచ్చింది. సోడియం పెరాక్సైడ్ సూత్రంలో రెండు సోడియంలు, రెండు ఆక్సిజన్లు ఉన్నాయి. అమ్మాయి దాన్ని ఒకటి, ఒకటికి తగ్గించి రాస్తే తప్పని తేలింది. మెగ్నీషియం ఆక్సైడ్‌లో తగ్గించకపోతే తప్పు, ఇక్కడ తగ్గిస్తే తప్పు. ఏది నమ్మాలి?


పాత సుద్దముక్క:

రెండూ నమ్మవచ్చు. నిష్పత్తి తగ్గించేది అయాన్ల సంఖ్యలను, పరమాణువుల సంఖ్యలను కాదు. పెరాక్సైడ్ అనేది రెండు ఆక్సిజన్లు ఒకదానికొకటి బంధంతో కట్టుకుని, ఇద్దరికీ కలిపి –2 ఆవేశం ఉన్న ఒకే అయాను. సోడియం గాలిలో బాగా కాలినప్పుడు ముఖ్యంగా ఏర్పడేది అదే. దాని లెక్క రెండు సోడియంలకు ఒక పెరాక్సైడ్. రెండుకు ఒకటి ఇంక తగ్గదు. ఆక్సిజన్ పక్కన ఉన్న ఆ రెండు అయాను లోపలిది, మనం చెరిపే హక్కు లేనిది. మెర్క్యురీ వన్ క్లోరైడ్‌లోనూ ఇదే చిక్కు. అందులో రెండు పాదరసాలు జతకట్టి +2 ఆవేశంతో ఒకే ధనాయానుగా ఉంటాయి, తలా ఒకటి లెక్కన పేరులో ‘వన్’ వచ్చింది. ఆ సూత్రంలోనూ రెండు, రెండు ఉంటాయి, తగ్గించకూడదు.

మీ అమ్మాయి చురుకైనది గనక ఒక లెక్క ఇస్తాను. అయస్కాంత శిలలో మూడు ఇనుములు, నాలుగు ఆక్సిజన్లు. ఇనుము ఆవేశం ఎంత, పేరులో ఏ అంకె వేయాలి? భాగిస్తే భిన్నం వస్తుంది, పరమాణువు ఎలక్ట్రాన్‌ను ముక్క చేసి ఇవ్వలేదు. ఆలోచించమనండి.


కామర్స్ నాన్న:

మాస్టారూ, రాత్రి భోజనాల దగ్గర తేల్చింది. నాలుగు ఆక్సిజన్లకు ఎనిమిది కావాలి, ఇనుములు అన్నీ ఒకే రకమని ఎవరన్నారు అంటోంది. ఒకటి +2, రెండు +3 అయితే రెండూ మూడూ మూడూ ఎనిమిది. పేరు మాత్రం తోచలేదట. రెండు అంకెలూ వేయవచ్చా అని అడుగుతోంది.


పాత సుద్దముక్క:

వేయవచ్చు, వేస్తారు కూడా. ఐరన్ టూ, త్రీ ఆక్సైడ్. బ్రాకెట్లో రెండు రోమన్ అంకెలు, మధ్యలో కామా.